యాభై రెట్లు

కౌలాలంపూర్ పక్కన సైబర్‌జయలో డిగ్రీకి ముందు ఏడాది చదివే పిల్లలకి నేను కెమిస్ట్రీ ల్యాబు చెబుతాను. వాళ్ళు చాటుగా నాకు ‘ఎన్ని రెట్లు’ అని పేరు పెట్టుకున్నారని నాకు తెలుసు. నేను కారిడార్‌లో వస్తుంటే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకుంటారు. వినపడనట్టు నడిచిపోతాను. వాళ్ళ తప్పేం లేదు. ఎవరి నోటుబుక్కు నా బల్ల మీదికి వచ్చినా నేను గ్రాఫు చూడను, చేతిరాత చూడను, ముందు ఒక్క గడి చూస్తాను. ద్రావణాన్ని ఎన్ని రెట్లు పలచన చేశారో రాసే గడి. అది ఖాళీగా ఉంటే పుస్తకం అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేస్తాను. ఒకసారి ఒక అమ్మాయి ఏడ్చింది కూడా. "మిగతా అంతా కరెక్టే కదా మిస్" అంది. నిజమే, మిగతా అంతా కరెక్టే. నాకు ఒళ్ళు మండేది అందుకే.

చెప్పుకుంటే చాలా చిన్న పని. రంగు నీళ్ళలో మందు ఎంత కలిసి ఉందో తెలుసుకోవాలంటే, ఆ నీళ్ళని చిన్న గాజుపాత్రలో పోసి మిషన్‌లో పెడతాం. మిషన్ ఒక పక్కనుంచి వెలుతురు పంపి, రెండో పక్కకి ఎంత వచ్చిందో చూసి, మధ్యలో నీళ్ళు ఎంత మింగాయో అంకెలో చెబుతుంది. ముందుగా బలం తెలిసిన నీళ్ళు అయిదు రకాలు మనమే తయారు చేసి, ఆ అంకెలతో కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీస్తాం. తర్వాత బలం తెలియని నీళ్ళ అంకె ఆ గీత మీద ఎక్కడ పడుతుందో చూస్తాం. రంగు మరీ చిక్కగా ఉంటే మిషన్ చేతులెత్తేస్తుంది. అప్పుడు కొంచెం తీసుకుని, కొలిచిన నీళ్ళు కలిపి పలచన చేసి చూడాలి. వచ్చిన జవాబుని, ఎన్ని రెట్లు పలచన చేశామో అన్ని రెట్లు హెచ్చవేయాలి. చిన్న తరగతుల లెక్క.

ఆ లెక్క నేను పందొమ్మిదేళ్ళ వయసులో, ఇక్కడి ఇంటరు లాంటి ఫారం సిక్స్ చదివేటప్పుడు, ఒకసారి చేయలేదు. ఇది దాని గురించే.

అప్పుడు మేం ఉత్తరాన సుంగై పెటాని అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఒకే గోడ పంచుకునే ఇళ్ళ వరుసలో మధ్య ఇల్లు. ముందు మోటార్ సైకిలు పెట్టుకునేంత జాగా, వెనక బట్టలు ఉతుక్కునేంత జాగా. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం, అమ్మ, నేను, నాన్న తల్లి. ఆమెని నేను మామ్మా అనేదాన్ని. అమ్మ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేది. మామ్మ రబ్బరు తోటలో పుట్టి, తోటలోనే పాలు గీసి, తోట అమ్ముడుపోయాక మాతో పాటు ఈ ఇంటికి వచ్చింది. ఆమెకి మలాయ్ వచ్చు, తమిళం వచ్చు. తెలుగు మాత్రం వాళ్ళ అమ్మ ఓడ దిగినప్పుడు ఎలా మాట్లాడిందో అలాగే మాట్లాడేది. నేను స్కూల్లో నేర్చుకున్న పుస్తకాల తెలుగు మాట్లాడితే, "ఏటే గుంటా, రేడియోలాగ మాటాడతన్నావు" అని ఎక్కిరించేది.

మామ్మకి తరవాణి లేనిదే పొద్దు పొడిచేది కాదు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు ఒక కుండలో రోజూ కాస్త కాస్త పోస్తూ పులియబెడతారు. అది పుల్లగా, ఓ రకమైన వాసనతో తయారవుతుంది. పొద్దున్నే చద్దన్నంలో పోసుకుని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వేయించిన నెత్తళ్ళు నంజుకుని తింటారు. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయరు. అడుగున మిగిలిన పులుపే రేపటి దాన్ని పులియబెడుతుంది. మామ్మ లెక్క ప్రకారం మా ఇంటి తరవాణి ఆమె అత్తగారి కాలం నుంచీ నడుస్తున్నదే. ఎండకి, కడుపు మంటకి, జ్వరానికి, దిగులుకి, అన్నింటికీ ఆమెకి అదే మందు.

తోట ఇంట్లో అది మట్టికుండలో ఉండేది. ఇల్లు మారేటప్పుడు లారీలో కుండ పగిలింది. ఇక్కడ అలాంటి కుండ దొరకలేదు. దొరికినవన్నీ పూలమొక్కలు పెట్టుకునేవి, అడుగున చిల్లుతో. మామ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తన ఇనప్పెట్టె అడుగు నుంచి వాళ్ళ అమ్మ ఓడలో తెచ్చుకున్న రాగి తపేలా తీసింది. పగిలిన కుండలోంచి ఒక గ్లాసుడు తరవాణి అమ్మ ముందే పట్టి ఉంచింది. అది అందులో పోసి, గంజి పోసి, మూత పెట్టింది. ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి.

ఆ తపేలాకి లోపల కళాయి ఉండేది. తెల్లటి పూత. తోటలో ఉన్న రోజుల్లో కళాయి వేసే అతను ఏడాదికోసారి సైకిలు మీద వచ్చేవాడట. పూత అరిగిన గిన్నెలన్నీ తోట కూలీల లైన్ ఇళ్ళ ముందు వరసగా పెడితే, నిప్పుల మీద కాల్చి, తగరం పూసి ఇచ్చేవాడట. తర్వాత్తర్వాత ఆయన రావడం మానేశాడు. అందరూ స్టీలు గిన్నెలు కొనుక్కున్నారు. మామ్మ తపేలాకి పూత అరుగుతూ వచ్చింది. అక్కడక్కడా ఎర్రగా కనపడితే ఆమె అది మురికి వదిలి అసలు రాగి బయటపడుతోందనుకుంది. చింతపండు, ఉప్పు పెట్టి లోపలా బయటా కసిగా తోమేది. పండక్కి ముందైతే పీచు పెట్టి మరీ తోమేది. కొన్నాళ్ళకి లోపల ఎక్కడా తెలుపు లేకుండా అద్దంలా మెరిసింది. "సూడే, మా అమ్మ తపేలా ఇప్పుడొచ్చింది అసలు రంగుకి" అని నన్ను పిలిచి చూపించింది. నేను కూడా బాగుందన్నాను. ఆ పూత ఎందుకుండేదో మా ముగ్గురిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక ఏడాదికి కాబోలు, మామ్మకి పొద్దున్న పూట వాంతులు మొదలయ్యాయి. ముందు రోజూ కాదు, వారానికోసారి. తర్వాత రెండు రోజులకోసారి. సర్కారు క్లినిక్‌లో గ్యాసు మాత్రలు ఇచ్చారు. అమ్మ తపేలా అంచు కింద పచ్చగా చిలుము పట్టి ఉండడం చూసింది. ఆమె ఫ్యాక్టరీలో మందులూ ఆమ్లాలూ చూసిన మనిషి. ఏదో అనుమానం వచ్చింది.

"అత్తా, ఆ తపేలాలో పులుపు ఎట్టకూడదేమో. స్టీలు దాంట్లో ఎట్టుకోండి" అంది.

మామ్మ మొహం గంటు పెట్టుకుంది. "రాగి ఒంటికి మంచిదని లోకమంతా సెప్తంటే, నువ్వొకదానివి దొరికినావు. మీ ఫోన్లల్లో సూపిత్తారు కాదేటి, రాగి సీసాలో నీలు తాగమని!"

అది నిజమే. ఆ రోజుల్లో రాగి నీళ్ళ మహిమ గురించి తెలుగు సంఘం వాట్సాప్‌లో రోజూ ఒకటైనా వచ్చేది. అత్తగారి వస్తువు జోలికి వెళితే నలుగురూ ఏమంటారోనన్న భయం అమ్మకి ఎప్పుడూ ఉండేది. భర్త లేని ఇంట్లో అత్తని సరిగ్గా చూడలేదన్న మాట తనకి రాకూడదని, రెండు షిఫ్టులు చేసి వచ్చిన రోజున కూడా మామ్మకి వేడిగా అన్నం వండి పెట్టేది. ఇద్దరూ పొద్దస్తమానం దెప్పుకునేవాళ్ళు, కానీ ఒకరు లేకుండా ఒకరు తినేవాళ్ళు కాదు.

చివరికి అమ్మే, ఇక్కడి అలవాటుగా మాట చివర ‘లా’ చేర్చి, నాతో అంది. "నువ్వు బడిలో ఏదో మిషన్‌లో ఎట్టి సూత్తావు కదా, అందులో రాగి ఎంతుందో సూడు లా. నువ్వు సెప్తే ఆవిడ వింటాది. ఏటుంటే అదే సేద్దాం." మామ్మ కూడా ఒప్పుకుంది. "నా మనవరాలు సెప్పిందే మాట. దానికి సదువుంది" అని తపేలా మీద చెయ్యి వేసి చెప్పింది.

మా కెమిస్ట్రీ టీచర్ చీనావిడ. సన్నగా, గట్టిగా ఉండేది. చివరి ప్రాక్టికల్‌కి ఎవరికి ఇష్టమైన నమూనా వాళ్ళని ఇంటినుంచి తెచ్చుకోమంది. కొందరు బావి నీళ్ళు తెచ్చారు, ఒకరు గులాబి షర్బతు తెచ్చారు. నేను మంచినీళ్ళ సీసాలో తరవాణి తెచ్చాను. మూత తీయగానే బెంచీ మొత్తం ముక్కు మూసుకుంది. టీచర్ మాత్రం వాసన చూసి, ఇదేమిటని అడిగి, నేను చెప్పింది నిలబడి వింది. తను పరిశోధన చేసిన చోటి నుంచి తెచ్చుకున్న ఒక మందు సీసా బీరువాలోంచి తీసి ఇచ్చింది. రాగి రవ్వంత ఉన్నా దాంతో నీలంగా మారుతుందని చెప్పింది.

తరవాణి వడకట్టి మందు కలిపాను. నీళ్ళు నీలంగా మారాయి. లేత నీలం కాదు, మా స్కూలు స్కర్టు రంగు. గాజుపాత్ర మిషన్‌లో పెడితే తెర మీద అంకె రాలేదు, హద్దు దాటిందన్న గుర్తు వచ్చింది. టీచర్ నా భుజం మీదుగా చూసి, "పలచన చెయ్యి, బాగా పలచన చెయ్యి" అని ఇంగ్లీషులో చెప్పి పక్క బెంచీకి వెళ్ళింది. వడకట్టిన తరవాణి పిపెట్‌తో రెండు మిల్లీలీటర్లు తీసుకుని, వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కులో వేసి, గీత దాకా నీళ్ళు పోశాను. యాభై రెట్లు. ఫ్లాస్కు మెడ మీద మార్కరుతో ‘యాభై’ అని రాశాను. మందు కలిపితే ఈసారి ఉతికి ఉతికి వెలిసిన నీలం వచ్చింది. మిషన్‌లో చక్కటి అంకె వచ్చింది. గీత మీద అది ఎక్కడ పడిందో చూసి, కిందికి గీసి, జవాబు రాసుకున్నాను. లీటరుకి సున్నా పాయింట్ ఎనిమిది మిల్లీగ్రాములు.

తాగే నీళ్ళలో రాగి ఎంతదాకా ఉండొచ్చో మా పుస్తకం వెనక పట్టికలో ఉంది. చూశాను. నా అంకె దానికంటే తక్కువే.

ఎంత హాయిగా అనిపించిందో నాకిప్పటికీ గుర్తుంది. చేతులు తేలికైపోయాయి. గంట కొట్టేశారు. అందరూ సామాన్లు కడుగుతున్నారు. నేనూ ఫ్లాస్కు కడిగాను. మెడ మీద మార్కరు రాతని స్పిరిట్ దూదితో తుడిచేశాను, అది మా ల్యాబు నియమం. నోటుబుక్కులో ‘పలచన’ అన్న గడి ఖాళీగా ఉండిపోయింది. పుస్తకం టీచర్ బల్ల మీద పెట్టి బస్సుకి పరిగెత్తాను.

నేను మరిచిపోయాను. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట ఇదే. కానీ స్కూలు స్కర్టు రంగులో ఉన్న ఆ నీళ్ళని కళ్ళతో చూసినదాన్ని నేనే. మిషన్ చేతులెత్తేయడం చూసినదాన్ని నేనే. పక్క బెంచీలో బావి నీళ్ళకి రంగే రాకపోవడమూ చూశాను. అంత చిక్కటి నీలానికి అంత చిన్న అంకె ఎలా వచ్చిందని ఒక్క నిమిషం కూడా ఆగలేదు. నాకు ఆ చిన్న అంకే కావాలి. మామ్మ దగ్గర్నుంచి తపేలా లాక్కునే మనిషిని నేను కాకూడదు. అందుకే ఆగలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంటికి వెళ్ళేసరికి ఇద్దరూ హాల్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. పరీక్ష ఫలితాలకి కూడా వాళ్ళు అలా కూర్చోలేదు.

"ఏమీ లేదమ్మా. ఉండాల్సిన దానికంటే తక్కువే ఉంది" అన్నాను.

మామ్మ చప్పట్లు చరిచింది. "సూసినావేటే కోడలా! మిషన్ ఎట్టి మరీ సూసింది నా మనవరాలు. ఇంక నా తపేలా జోలికి రాకు!"

అమ్మ మొహం చిన్నబోయింది. అనవసరంగా అనుమానించానని నొచ్చుకుంది. లేచి వెళ్ళి, స్టీలు గిన్నెలో ఎందుకైనా మంచిదని తీసి ఉంచిన తరవాణి మళ్ళీ తపేలాలో తనే పోసింది. ఆ వారమంతా మామ్మ నా మిషన్ గురించి వీధిలో అందరికీ చెప్పుకుంది.

తర్వాత సెలవులు వచ్చాయి. మామ్మకి వాంతులు ఎక్కువయ్యాయి. అన్నం వాసన పడేది కాదు. ఇడ్లీ పెడితే రెండు ముక్కలు తిని పక్కన పెట్టేది. ఏదీ కడుపులో నిలవక, తరవాణి ఒక్కటే చల్లగా దిగుతోందని, అదే తాగేది. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. లేవలేని రోజున అమ్మ ఆమె తలని తన మోచేతి మీద పెట్టుకుని, గ్లాసుతో గుక్క గుక్కగా పట్టేది. "కొంచెం తాగత్తా, బలమొత్తాది" అని బుజ్జగించేది. మామ్మ చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని తాగేది. నేను పక్కనే కూర్చుని కాలేజీ సీటు ఇంటర్వ్యూకి చదువుకునేదాన్ని. ఆమె కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయని ముందు చూసింది నేనే.

స్కూలు తెరిచిన రోజున టీచర్ నోటుబుక్కులు ఇచ్చేసింది. నాది తెరిస్తే, జవాబు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది. ఖాళీ గడిలోకి బాణం గుర్తు. కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాసి ఉంది: "నువ్వు పలచన చేయడం నేను చూశాను. ఎన్ని రెట్లు? హెచ్చవేయి. మీ ఇంట్లో ఇది ఇంకా తాగుతుంటే వెంటనే నాతో మాట్లాడు."

సున్నా పాయింట్ ఎనిమిదిని యాభైతో హెచ్చవేస్తే నలభై. లెక్క నోటితోనే అయిపోయింది. పుస్తకం వెనక పట్టికలో అంకెకి అది ఎన్నో రెట్లు ఎక్కువ. నేను టీచర్‌తో మాట్లాడలేదు. మిగతా క్లాసులు ఎగ్గొట్టి ఇంటికి వెళ్ళాను.

అమ్మ షిఫ్టులో ఉంది. మామ్మ నిద్రపోతోంది. తపేలా ఎత్తుకెళ్ళి వెనక కాలవలో వొంపేశాను. ఎవరి అత్తగారి కాలం నుంచో నడుస్తున్న ఆ పులుపంతా అర నిమిషంలో పోయింది. ఖాళీ తపేలాని గోనెసంచిలో చుట్టి, పాత సామాన్ల గదిలో, చెడిపోయిన ఫ్యాను వెనక దాచాను. అమ్మ వచ్చాక, కడుగుతుంటే జారి కాలవలో పడిందని, అడుగు చిల్లు పడిందని చెప్పాను. అమ్మ ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, సరే లెమ్మంది. మామ్మ లేచాక అడిగింది. లేదని చెబితే గోడ వైపు తిరిగి పడుకుంది.

రెండు రోజుల తర్వాత ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరు మలాయ్ కుర్రవాడు, మంచివాడు. ఏమేం తింటుందని మలాయ్‌లో అడిగాడు. అమ్మ అంతా వివరంగా చెప్పింది, తరవాణితో సహా. తపేలా సంగతి అమ్మకి తోచలేదు. ఎందుకు తోస్తుంది? నేను పరీక్ష చేసి ఏమీ లేదన్నాను కదా.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఇంగ్లీషులో తెరిచాను. అమ్మకి మలాయ్ వచ్చు, తమిళం వచ్చు, ఇంగ్లీషు అంతగా రాదు. అందుకే ఇంగ్లీషు. రాగి గిన్నె, పూత పోయింది, పులిసిన గంజి, లీటరుకి నలభై మిల్లీగ్రాములు, కనీసం ఏడాదిగా, ఈ మధ్య రోజుకి మూడుసార్లు. గబగబా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు. రాసుకుని, ముందే చెప్పుంటే బాగుండేదని అన్నాడు. మళ్ళీ నా మొహం చూసి, కాలేయం పాత రోగంతో ఎప్పటినుంచో పాడై ఉందని, ఇదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరని, ఇది మంచి చేసి ఉండదని మాత్రం చెప్పగలనని అన్నాడు. రక్తం మళ్ళీ పరీక్షకి పంపాడు.

"ఏటన్నాడే?" అంది అమ్మ.

"వయసైపోయింది కదా, లివర్ బాలేదన్నాడు" అన్నాను.

మామ్మ తొమ్మిది రోజులు ఉంది. ఆఖరి రోజుల్లో నన్ను గుర్తుపట్టింది, అమ్మని గుర్తుపట్టలేదు. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "నా తరవాణి ఏదే గుంటా? నోరెండిపోతంది" అంది. దూదితో పెదాలు తడిపాను. అమ్మ బయట వరండాలో నిలబడి ఏడ్చింది. ఆఖరి కోరిక, ఆ పుల్ల నీళ్ళు కూడా పొయ్యలేకపోయానని.

నేను అమ్మకి చెప్పలేదు. అప్పుడు చెప్పకపోవడానికి కారణం ఉంది. నా తప్పు లెక్క దగ్గర ఆగిపోతే చెప్పేసేదాన్ని. కానీ అది అక్కడితో ఆగదు. గ్లాసు పట్టుకున్నది అమ్మ, బుజ్జగించింది అమ్మ, స్టీలు గిన్నెలోంచి మళ్ళీ తపేలాలోకి పోసింది అమ్మ. ఆ తర్వాత ఏడాది, ఆ తర్వాత ఏడాది చెప్పకపోవడానికి మాత్రం కారణం లేదు. పిరికితనం, అంతే. చదువు పూర్తిచేశాను, ఉద్యోగం వచ్చింది, ఖాళీ గడులు పట్టుకుని పిల్లల్ని ఏడిపించడం మొదలుపెట్టాను.

పోయిన నెల ఒక ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. వంటగదిలో ఫోను సీసాకి ఆనించి ఏదో తరుగుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకి జరిగింది. ఆమె వెనక, గట్టు మీద, ఎర్రగా మెరుస్తూ తపేలా ఉంది.

"అదెక్కడిదమ్మా?" అన్నాను.

"మీ మామ్మదే లా. పాత సామాను తీసేత్తుంటే ఫ్యాను వెనకాల దొరికింది. నువ్వు సిల్లు పడిందన్నావు, ఏటీ పళ్ళేదు, నీళ్ళు పోసి సూసినాను. సింతపండు ఎట్టి తోమితే సూడు, ఎలాగ మెరుత్తందో. తరవాణి ఏసినాను. నాకూ ఈ మధ్య కడుపులో మంటగా ఉంటంది కదా. మూడు రోజులైంది తాగుతన్నాను. అచ్చం ఆవిడ సేసినట్టే వచ్చింది."

ఆవిడ సేసినట్టే అంటున్నప్పుడు అమ్మ మొహంలో గర్వం ఉంది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ మొహం.

"తాగకు. నేను వచ్చేదాకా చుక్క కూడా తాగకు" అన్నాను. ఎందుకంది. వచ్చి చెబుతానన్నాను. మర్నాడు సెలవు పెట్టి, కౌలాలంపూర్ వెళ్ళి, ఉత్తరం వైపు వెళ్ళే బస్సెక్కాను. ఆ అయిదు గంటలూ ఎలా మొదలుపెట్టాలో తయారు చేసుకున్నాను. పూతతో మొదలుపెట్టొచ్చు. చిలుముతో మొదలుపెట్టొచ్చు. అన్నీ తిరిగి తిరిగి అమ్మ మోచేతి మీద మామ్మ తల దగ్గరికే వచ్చాయి.

అమ్మ నాకోసం చేప పులుసు చేసి ఉంచింది. నేను తినకుండానే చెప్పాను. వంటగదిలో చిన్న బల్ల దగ్గర, ఎదురుబొదురుగా కూర్చుని, తెలుగులో చెప్పాను. ఈసారి అమ్మకి అర్థం కాని మాట ఒక్కటి కూడా వాడలేదు. కళాయి ఎందుకుంటుందో చెప్పాను. పులుపు రాగిని తింటుందని చెప్పాను. నీలం రంగు, ఫ్లాస్కు, యాభై, తుడిచేసిన మార్కరు, ఎర్ర ఇంకు చెప్పాను. డాక్టరుతో ఇంగ్లీషులో ఎందుకు మాట్లాడానో కూడా చెప్పాను. ఆయన ఇదొక్కటే కారణం కాదన్నాడని రెండుసార్లు చెప్పాను.

నేను ఆపాక అమ్మ తపేలా వైపు చూసింది.

"మిషన్‌లో ఎట్టింది నువ్వు" అంది. "తప్పు సెప్పింది నువ్వు. మరి రోజుకి మూడుసార్లు పోసిందెవలే?"

"అమ్మా, నీకు తెలీదు కదా."

"వద్దన్నా పోసినాను. రెండుసార్లు తల తిప్పేసుకుంది. బలమొత్తాదని బతిమాలి పోసినాను."

అది నాకు తెలియదు. మామ్మ తల తిప్పుకున్న సంగతి. నేను పక్కనే కూర్చుని చదువుకుంటున్నాను, పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

అమ్మ లేచింది. తపేలాని ముట్టుకోలేదు. దాన్ని దాటుకుని పంపు దగ్గరికి వెళ్ళి, సబ్బు తీసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. వేళ్ళ మధ్య రుద్దింది, గోళ్ళ కింద రుద్దింది, మోచేతుల దాకా రుద్దింది. కడిగేసి, చేతులు వెలుతురులో పెట్టి చూసుకుని, మళ్ళీ సబ్బు తీసుకుంది. నేను తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అమ్మ అది అందుకోలేదు. మూడోసారి పంపు తిప్పింది.